రికార్డులో లేని గాయం: అమెరికా మాజీ సైనికుల దిద్దుబాటు పోరాటం

అమెరికా సైన్యం నుంచి బయటకు వచ్చే సైనికుడి చేతికి ఒక కాగితం ఇస్తారు. 1950 నుంచి దాని పేరు డీడీ 214. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు విడుదలయ్యాడు, ఏ పని చేశాడు, ఏ పతకాలు వచ్చాయి, ఎలాంటి డిశ్చార్జి (గౌరవప్రదమైన విడుదలా, కాదా) ఇచ్చారు, అన్నీ అందులోనే ఉంటాయి. ఆ తర్వాత జీవితమంతా ఆ కాగితం వెంట నడుస్తుంది. మాజీ సైనికుల ఆసుపత్రిలో వైద్యం, వైకల్య పింఛను, ఇంటి లోనుకు ప్రభుత్వ హామీ, ప్రభుత్వ ఉద్యోగంలో ప్రాధాన్యం, చివరికి జాతీయ శ్మశానవాటికలో చోటు, ఏది కావాలన్నా ముందు అడిగేది ఆ కాగితమే. అందులో ఒక పతకం పేరు రాయకపోతే ఆ పతకం రానట్టే లెక్క. గాయం సంగతి ఎక్కకపోతే గాయం తగలనట్టే లెక్క.

ఇలాంటి తప్పులను సరిదిద్దడానికి అమెరికాలో చట్టం ఉంది, బోర్డులున్నాయి, దరఖాస్తు ఫారాలున్నాయి. ఏర్పాటు లేక కాదు ఇబ్బంది. కాగితం రాసింది సైన్యం, దాచింది ప్రభుత్వం, చాలా సందర్భాల్లో పోగొట్టిందీ ప్రభుత్వమే. అయినా పోయిందాన్ని నిరూపించే బాధ్యత మాత్రం ఎనభై ఏళ్ల మాజీ సైనికుడిదో, అతని భార్యదో, పిల్లలదో అవుతోంది. ఈ వ్యవస్థలో సరిచేయాల్సిన మొదటి విషయం అదే.

తప్పులు ఎక్కడ పుడతాయో ముందు చూడాలి. కుట్ర అరుదు, హడావిడి ఎక్కువ. యుద్ధం ముగియగానే యూనిట్లు రద్దవుతాయి, మనుషులు చెల్లాచెదురవుతారు. డిశ్చార్జి కేంద్రంలో గుమస్తా ముందు పొడవాటి వరుస ఉంటుంది. ఎదురుగా నిలబడ్డ కుర్రాడి ధ్యాసంతా ఇంటి మీదే. చూపించిన చోట సంతకం పెట్టి బయటపడతాడు. ఆ రోజు ఏ గడిలో ఏం రాశారో, ఏం వదిలేశారో ముప్పై ఏళ్ల తర్వాత గానీ చూసుకోడు. కొన్ని పతకాలైతే ఆ రోజుకి ఇంకా పుట్టనే లేదు. దక్షిణ వియత్నాం ప్రభుత్వం ఇచ్చిన గ్యాలంట్రీ క్రాస్ యూనిట్ గౌరవాన్ని అక్కడ పనిచేసిన అమెరికా ఆర్మీ యూనిట్లలో దాదాపు అన్నిటికీ వర్తింపజేస్తూ ఆర్మీ ఉత్తర్వు వచ్చింది 1974లో. 1968లో ఇంటికి వచ్చేసిన సైనికుడి కాగితం మీద అది ఎలా ఉంటుంది? రెండో ప్రపంచ యుద్ధంలో నేల మీద పోరాడి కంబాట్ ఇన్‌ఫాంట్రీమన్ బ్యాడ్జి పొందిన వాళ్లకు బ్రాంజ్ స్టార్ కూడా ఇవ్వవచ్చని నిర్ణయించింది యుద్ధం ముగిశాకే. తమకు ఆ పతకం వస్తుందని కూడా తెలియకుండానే ఎంతోమంది కన్నుమూశారు.

ఇలాంటి సందర్భాల్లో పోరాటమేమీ అక్కర్లేదు. ఉత్తర్వు ఉంది, యూనిట్ పేరు తెలుసు, తేదీలు కలుస్తున్నాయి. సైన్యానికే దరఖాస్తు పెడితే డీడీ 215 అనే సవరణ పత్రం వస్తుంది. అసలు కాగితాన్ని మార్చరు, దానికి ఈ రెండోదాన్ని జత చేస్తారు. చాలామంది ఈ చిన్న దారి తెలియక నేరుగా బోర్డుకు వెళ్తారు. నెలల తరబడి ఎదురుచూశాక, ముందు ఆ పని పూర్తిచేసుకుని రమ్మంటూ ఫైలు వెనక్కి వస్తుంది. అందుకే తన రికార్డులో ఉన్నది ఏ రకం తప్పో తేల్చుకోవడంలోనే సగం పని ఉంది.

పర్పుల్ హార్ట్ సంగతి వేరు. దానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. శత్రువు వల్ల గాయపడితే అది హక్కుగా వచ్చే పతకం. ఆర్మీ నిబంధనలు మాత్రం మూడు విషయాలు చూపించమంటాయి. గాయం శత్రు చర్య వల్లే తగిలి ఉండాలి, దానికి వైద్య సిబ్బంది చికిత్స చేయాల్సి వచ్చి ఉండాలి, ఆ చికిత్స అధికారిక రికార్డుకు ఎక్కి ఉండాలి. చిక్కంతా మూడోదాని దగ్గరే. 1951లో కొరియా కొండల్లో ఒక సైనికుడి భుజంలో మోర్టార్ ముక్క దిగిందనుకుందాం. పక్కనున్న మెడిక్ దాన్ని లాగేసి, కట్టు కట్టి, తిరిగి లైనులోకి పంపేశాడు. కాగితం రాసేంత తీరిక ఎవరికుంది? ఆ మెడిక్ వారం తర్వాత చనిపోయి ఉండొచ్చు కూడా. భుజం మీద మచ్చ జీవితాంతం ఉంటుంది. అది ఎక్కడ, ఎలా తగిలిందో చెప్పే కాగితం మాత్రం ఉండదు.

సాహసానికి ఇచ్చే పతకాల దారి ఇంకా ఇరుకు. సిల్వర్ స్టార్ గానీ, డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ గానీ, అన్నిటికన్నా పైదైన మెడల్ ఆఫ్ ఆనర్ గానీ అడిగి తీసుకునేవి కావు. పై అధికారి సిఫారసు చేయాలి, అది గడువులోపు పై స్థాయికి చేరాలి. గడువు దాటితే పార్లమెంటు సభ్యుడి ద్వారా పంపే మార్గాన్ని 1996లో చట్టంలో చేర్చారు. సెనేటర్ గానీ ప్రతినిధుల సభ సభ్యుడు గానీ కోరితే ఆ పాత సిఫారసును సైనిక విభాగం యోగ్యత మీద పరిశీలించి తీరాలి. మెడల్ ఆఫ్ ఆనర్‌కు మాత్రం అది సరిపోదు, గడువును సడలిస్తూ మామూలుగా విడిగా ఓ చట్టం కావాలి.

ఇక బోర్డుల సంగతి. రెండో ప్రపంచ యుద్ధం దాకా సైనిక రికార్డులో తప్పు దిద్దాలంటే ఆ ఒక్క మనిషి పేరు మీద అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో ప్రైవేటు బిల్లు పెట్టాల్సి వచ్చేది. యుద్ధం తర్వాత అలాంటి బిల్లుల తాకిడి తట్టుకోలేక 1946 చట్టంలో వాటిని నిషేధించి, ఆ అధికారాన్ని సైనిక శాఖల కార్యదర్శులకు అప్పగించారు. సైనికాధికారులతో కాకుండా పౌర ఉద్యోగులతో నడిచే బోర్డుల ద్వారా వాళ్లు ఆ పని చేయాలి. ఆర్మీకి ఒక బోర్డు, నేవీకీ మెరైన్ కోర్‌కీ కలిపి ఒకటి, ఎయిర్ ఫోర్స్‌కు ఒకటి, కోస్ట్ గార్డ్‌కు ఒకటి. దరఖాస్తు ఫారం డీడీ 149. చట్టం ఇచ్చిన అధికారం చాలా విశాలమైంది. పొరపాటును సరిదిద్దడానికైనా, అన్యాయాన్ని తొలగించడానికైనా ఏ సైనిక రికార్డునైనా మార్చవచ్చు. ఆ రెండో మాట ముఖ్యం. నిబంధనల ప్రకారం అంతా సరిగ్గానే జరిగినా, ఫలితం అన్యాయంగా ఉందని అనిపిస్తే బోర్డు జోక్యం చేసుకోవచ్చు. సైనిక కోర్టు నిర్ధారించిన నేరాన్ని కొట్టేసే అధికారం మాత్రం దానికి లేదు, శిక్షను కనికరంతో తగ్గించగలదు అంతే.

ఇంత అధికారం ఉన్నా ఎక్కువ దరఖాస్తులు తిరిగి ఎందుకు వస్తాయి? కారణం విచారణ మొదలయ్యే చోటే ఉంది. ప్రభుత్వ కాగితం సక్రమంగానే తయారైందన్న నమ్మకంతో బోర్డు ఫైలు తెరుస్తుంది. ఆ నమ్మకాన్ని కదిలించేంత బరువైన ఆధారం దరఖాస్తుదారే తేవాలి. బోర్డు తనంతట తాను దర్యాప్తు చేయదు. నేరుగా హాజరై చెప్పుకునే అవకాశం అరుదుగా దొరుకుతుంది. ముగ్గురు సభ్యులు కాగితాలు చదివి తేల్చేస్తారు. తప్పు గమనించిన మూడేళ్లలోపు రావాలన్న గడువు కూడా ఉంది. న్యాయం కోసం అవసరమనుకుంటే దాన్ని మాఫీ చేయవచ్చు. బోర్డులు తరచుగానే చేస్తాయి గానీ, చేసి తీరాలని లేదు.

నమ్మకమంతా కాగితం మీద ఆధారపడినప్పుడు, ఆ కాగితం ఏమైందో చూడకుండా ముందుకు పోలేం.

1973 జులై 12న అర్ధరాత్రి దాటాక మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ శివారులోని ఓవర్‌లాండ్‌లో ఉన్న జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రం ఆరో అంతస్తులో మంటలు లేచాయి. రికార్డులున్న చోట స్ప్రింక్లర్లు లేవు. మంటలు అదుపులోకి రావడానికి 22 గంటలు పట్టింది, పూర్తిగా ఆరడానికి మరికొన్ని రోజులు. ఎందుకు అంటుకుందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా సైనికుల ఫైళ్లు పోయాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 దాకా విడుదలైన ఆర్మీ సిబ్బంది ఫైళ్లలో 80 శాతం, 1947 సెప్టెంబరు నుంచి 1964 జనవరి 1 దాకా విడుదలైన ఎయిర్ ఫోర్స్ వాళ్ల ఫైళ్లలో 75 శాతం బూడిదయ్యాయి. ఎయిర్ ఫోర్స్ ఫైళ్లు పేర్ల అక్షర క్రమంలో ఉండేవి. హబ్బర్డ్ అనే పేరు దాకా ఉన్నవి బతికాయి, ఆ తర్వాతవి పోయాయి. ఒకే విమానంలో ఎగిరిన ఇద్దరిలో ఒకరికి చరిత్ర మిగిలి రెండోవాడికి లేకపోవడానికి ఇంటిపేరు మొదటి అక్షరం కారణమైంది. నకళ్లు లేవు, మైక్రోఫిల్ము లేదు, లోపల ఏమున్నాయో చెప్పే సూచికా లేదు. అంటే ఏం పోయిందో చెప్పే జాబితా కూడా లేదు.

మంటలు ఆర్పడానికి కొట్టిన నీళ్లు కింది అంతస్తుల్లోకి దిగి ఫైళ్లను నానబెట్టాయి, వాటికి బూజు పట్టింది. తడిసిన కాగితాలను మెక్‌డోనెల్ డగ్లస్ విమాన కర్మాగారంలో ఉన్న పెద్ద వాక్యూమ్ గదిలో పెట్టి ఆరబెట్టారు. అలా అరవై అయిదు లక్షల దాకా ఫైళ్లను ఏదో ఒక స్థితిలో దక్కించుకున్నారు. వాటిని కాలిన ఫైళ్లుగా ఇప్పటికీ విడిగా దాచుతున్నారు. అంచులు నల్లబడి, మధ్యలో నాలుగు వరుసలు చదవడానికి వీలయ్యే కాగితం నుంచి ఒక మనిషి సర్వీసును తిరిగి అల్లుతారు అక్కడి ఉద్యోగులు. ఎంతో ఓపికతో చేసే పని అది. వాళ్ల చేతుల్లో ఉన్నంతలో వాళ్లు చేస్తున్నారు.

పూర్తిగా పోయిన ఫైలుకు బదులు చుట్టుపక్కల కాగితాలు వెతకాలి. చివరి జీతం రసీదులు ఒకటి. కంపెనీ అనే చిన్న దళంలో గుమస్తా అప్పట్లో రోజూ రాసిన మార్నింగ్ రిపోర్టు మరొకటి. అందులో మామూలుగా విధుల్లో ఉన్న వాడి పేరు ఉండదు. కొత్తగా వచ్చినవాడు, ఆసుపత్రికి పోయినవాడు, గాయపడ్డవాడు, తిరిగి వచ్చినవాడు మాత్రమే ఎక్కుతారు. గాయం నిరూపించుకోవాల్సిన వాడికి సరిగ్గా కావాల్సింది అదే. 1988లో ఇంకో నిధి బయటపడింది. ఆర్మీ సర్జన్ జనరల్ కార్యాలయం 1942–45, 1950–54 సంవత్సరాలకు తయారు చేయించిన ఆసుపత్రి చేరికల కార్డుల సమాచారం. ఎవరు, ఎప్పుడు, ఏ గాయంతో ఆసుపత్రిలో చేరారన్నది సంకేతాల్లో ఉంది. కాకపోతే అందులో పేర్లు లేవు, సర్వీసు నంబర్లే ఉన్నాయి. ఆర్మీ 1969లో ఆ నంబర్లను వదిలేసి సోషల్ సెక్యూరిటీ నంబరుకు మారింది. కొరియాలో పోరాడిన తాత పాత నంబరు కుటుంబానికి తెలిస్తే దారి దొరుకుతుంది. పాత ఉత్తరం కవరు మీదో, మెడలోని గుర్తింపు బిళ్ల (డాగ్ ట్యాగ్) మీదో ఉన్న ఆ అంకెలు అంత విలువైనవి.

ఇదంతా తెలిసిన ప్రభుత్వమే రెండు చోట్ల రెండు రకాలుగా వ్యవహరిస్తోంది. వైకల్య పింఛన్లు చూసే మాజీ సైనికుల వ్యవహారాల శాఖకు చట్టం ఒక నియమం పెట్టింది. ఆధారాలు ఇటూ అటూ సమానంగా ఉంటే సంశయ లాభం సైనికుడికే ఇవ్వాలి. పోరాటంలో పాల్గొన్నవాడు గాయం ఎలా తగిలిందో చెబితే, అది ఆ పరిస్థితులకు పొసిగేలా ఉంటే, అధికారిక రికార్డు లేకపోయినా ఒప్పుకోవాలి. ఫైలు ప్రభుత్వం దగ్గరే పోయిన కేసుల్లో ఆ శాఖ బాధ్యత ఇంకా పెరుగుతుందని మాజీ సైనికుల అప్పీళ్ల కోర్టు 1991లో ఓహేర్ కేసులో చెప్పింది. కాబట్టి ఒకే భుజం మీద ఒకే మచ్చ చూసి, ఇది యుద్ధ గాయమేనని ఒక శాఖ నెలనెలా పింఛను ఇవ్వవచ్చు. అదే గాయానికి పర్పుల్ హార్ట్ ఇవ్వడానికి చికిత్స కాగితం లేదని సైన్యం కాదనవచ్చు. చట్టం దృష్టిలో రెండూ సక్రమమే. ఆ ముసలాయనకు ఈ తేడా ఎవరు వివరిస్తారు?

బోర్డుల వైపు వాదన లేకపోలేదు. పతకం విలువ దాని అరుదుతనంలో ఉంది. అడిగినవాళ్లందరికీ ఇస్తే నిజంగా సంపాదించుకున్న వాళ్లకు అవమానం. అమెరికా ఆ అనుభవం చవిచూసింది కూడా. అంతర్యుద్ధంలో మెయిన్ రాష్ట్రానికి చెందిన 27వ రెజిమెంటు పేరు మీద 864 మెడల్ ఆఫ్ ఆనర్‌లు మంజూరయ్యాయి, పోరాటంలో సాహసానికి కాదు. వాషింగ్టన్ రక్షణ కోసం మరికొన్నాళ్లు ఉండమన్నప్పుడు ఇస్తామన్న బహుమతి అది. ఉండిపోయినవాళ్లు 300 మంది ఉంటే పతకాలు మొత్తం రెజిమెంటుకు వెళ్లాయి. 1917లో సైన్యం పాత జాబితా అంతా తిరగదోడి 911 పేర్లు కొట్టేసింది. ఆ ప్రక్షాళనకు తగిన కారణం ఉంది. కానీ అదే కలం పోటుకు మేరీ వాకర్ పేరు కూడా పోయింది. అంతర్యుద్ధంలో సైనికులకు వైద్యం చేసి, శత్రువుల చేతికి చిక్కి ఖైదులో గడిపిన సర్జన్ ఆమె. కాంట్రాక్టు మీద పనిచేసిన పౌర వైద్యురాలు కాబట్టి అర్హత లేదన్నారు. పతకం తిరిగి ఇవ్వడానికి ఆమె ఒప్పుకోలేదు, 1919లో చనిపోయేదాకా ధరిస్తూనే ఉంది. 1977లో ఆర్మీ దిద్దుబాటు బోర్డు ఆమె ఫైలు మళ్లీ తెరిచి పతకాన్ని పునరుద్ధరించాలని చెప్పింది. ఈనాటికీ మెడల్ ఆఫ్ ఆనర్ పొందిన ఏకైక మహిళ ఆమే. కఠినమైన నియమం అవసరమే. అయితే అది తప్పు చేసిన చోట దిద్దుకునే మార్గం అంతకన్నా అవసరం.

రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఆర్మీ అధికారి గార్లిన్ కానర్ కేసులో ఆ మార్గం ఎంత పొడవో కనిపిస్తుంది. 1945 జనవరి 24న ఫ్రాన్స్‌లోని హౌసెన్ దగ్గర జర్మన్ ట్యాంకులు, పదాతి దళం మీదికి వస్తుంటే టెలిఫోను తీగ పట్టుకుని ముందుకు పరుగెత్తి, మూడు గంటల పాటు తన ఫిరంగి దళానికి గురి చెప్పాడు. శత్రువు మరీ దగ్గరికి వచ్చాక తన మీదే కాల్పులు జరపమన్నాడు. అప్పటికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ ఇచ్చారు. 1990ల చివర్లో దాన్ని మెడల్ ఆఫ్ ఆనర్‌గా పెంచాలని కోరితే బోర్డు ఒప్పుకోలేదు. 1998లో ఆయన చనిపోయారు. భార్య పాలీన్ వదల్లేదు. ప్రత్యక్ష సాక్షుల ప్రమాణ పత్రాలు తర్వాత దొరికాయి. వాటిని బోర్డు ముందు పెట్టడంలో ఆలస్యమైందని 2014లో ఫెడరల్ కోర్టు కేసు కొట్టేసింది. మరుసటి ఏడాది బోర్డు మనసు మార్చుకుంది. 2018 జూన్ 26న వైట్ హౌస్‌లో ఆమె చేతికి పతకం అందింది. అడగడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఆ చర్య గొప్పదనం మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఏ కాగితం ఏ తేదీకి వచ్చిందన్న దాని మీదే.

పారిస్ డేవిస్ విషయంలో అసలు కాగితమే మాయమైంది. 1965 జూన్‌లో వియత్నాంలోని బాంగ్ సాన్ దగ్గర తాను గాయపడి కూడా తోటివాళ్లను ఒక్కొక్కరినీ మోసుకొచ్చిన నల్లజాతి స్పెషల్ ఫోర్సెస్ అధికారి ఆయన. కమాండర్ వెంటనే సిఫారసు పంపాడు. అది పోయింది. 1969లో మళ్లీ పంపమని ఆదేశం వచ్చింది. ఆ ఫైలూ కనిపించలేదు. తోటి సైనికులు దశాబ్దాల పాటు పట్టు వదలకుండా కాగితాలన్నీ తిరిగి కూర్చారు. 2023 మార్చి 3న పతకం అందింది. జాతి వివక్ష ఇందులో పాత్ర వహించిందా అని అడగకుండా ఉండలేం. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక్క నల్లజాతి సైనికుడికీ మెడల్ ఆఫ్ ఆనర్ రాలేదు. 1997లో ఏడుగురికి ఇచ్చేనాటికి వాళ్లలో బతికున్నది వెర్నన్ బేకర్ ఒక్కరే. 2000లో ఆసియా మూలాలున్న సైనికుల ఫైళ్లు తిరగేసి 22 మందికి ఇచ్చారు. ఈ సమీక్షలు ఎవరో ఒక్కొక్కరుగా దరఖాస్తు పెట్టుకుంటే జరిగినవి కావు. రికార్డులో పక్షపాతం ఉండొచ్చని ప్రభుత్వమే ఒప్పుకుని, తానే వెతికింది. ఒక్కొక్కడి మీదా బరువు మోపడం కంటే అది ఎంతో మెరుగైన పద్ధతి.

డిశ్చార్జి తరహా విషయంలోనూ కొంత మార్పు వచ్చింది. గౌరవప్రదం కాని డిశ్చార్జి పడితే చాలా ప్రయోజనాలు పోతాయి. 15 ఏళ్లలోపైతే డిశ్చార్జి సమీక్షా బోర్డుకు, ఆ తర్వాత దిద్దుబాటు బోర్డుకు వెళ్లాలి. వియత్నాం కాలంలో యుద్ధపు మానసిక గాయానికి ఇంకా పేరు కూడా లేదు. క్రమశిక్షణ తప్పారని పంపేసిన వాళ్లలో దాంతో బాధపడిన వాళ్లు ఎందరో. 2014లో రక్షణ కార్యదర్శి చక్ హేగెల్ ఇలాంటి దరఖాస్తులను ఉదారంగా చూడమని బోర్డులను ఆదేశించారు. 2017లో ఆ మార్గదర్శకాలు ఇంకా స్పష్టమయ్యాయి. పోరాటం వల్లో, సర్వీసులో జరిగిన లైంగిక హింస వల్లో కలిగిన మానసిక గాయమే కారణమనే వాళ్ల కేసుల్లో ఉదారంగా చూడాలన్న మాట తర్వాత చట్టంలోకే వచ్చింది. వాటిలో సైనికుడి మాటనే సాక్ష్యంగా తీసుకోవచ్చని ఒప్పుకున్నారు. అంటే మొదలయ్యే చోటును మార్చడం సాధ్యమే.

మిగతా కేసుల్లోనూ ఆ మార్పు వచ్చేదాకా దరఖాస్తు పెట్టేవాళ్లకు పనికొచ్చేది తయారీ ఒక్కటే. ఫారం నింపే ముందే రికార్డుల కేంద్రం నుంచి ఉన్న ఫైలంతా తెప్పించుకోవాలి. విడుదలై 62 ఏళ్లు దాటని ఫైలైతే సైనికుడికీ, అతను లేకపోతే మళ్లీ పెళ్లి చేసుకోని భార్యకూ, పిల్లలకూ అది మామూలుగా ఉచితం; అంతకన్నా పాతదైతే నకలు రుసుము ఉండొచ్చు. ఫైలు కాలిపోయిందని వాళ్లు రాసిచ్చే ఉత్తరాన్ని కూడా జత చేయాలి. యూనిట్ పేరు కంపెనీ స్థాయి దాకా, తేదీ వీలైనంత దగ్గరగా చెప్పగలిగితే మార్నింగ్ రిపోర్టు దొరికే అవకాశం పెరుగుతుంది. తోటి సైనికుడి వాంగ్మూలంలో పొగడ్తలు వద్దు. తాను ఎక్కడ నిలబడ్డాడు, ఏం చూశాడు అన్నదే ఉండాలి. ఆ రోజుల్లో ఇంటికి రాసిన ఉత్తరానికి ఇప్పుడు రాసే పది పేజీల కంటే విలువెక్కువ. బోర్డు నిపుణుల అభిప్రాయం తెప్పించుకుంటే దరఖాస్తుదారుకు కాపీ పంపుతుంది. దానికి జవాబు రాయకుండా వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. పాత తీర్పులను పేర్లు తీసేసి ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. తమలాంటి కేసులో బోర్డు ఏ ఆధారాన్ని ఒప్పుకుందో చూసి రాస్తే దరఖాస్తు రూపే మారిపోతుంది. కాదన్నా కొత్త ఆధారంతో మళ్లీ అడగవచ్చు, ఫెడరల్ కోర్టుకూ వెళ్లవచ్చు.

చట్టం వైపు నుంచి కావాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. మానసిక గాయాల కేసులకు చేర్చినట్టే ఇంకో చిన్న క్లాజు చేర్చాలి. ఫైలు ప్రభుత్వ అధీనంలో ఉండగా నాశనమైందని రికార్డుల కేంద్రం ధ్రువీకరిస్తే, కాగితం సక్రమమేనన్న నమ్మకంతో బోర్డు మొదలుపెట్టకూడదు. ఆ సైనికుడు గానీ తోటివాళ్లు గానీ చెప్పేది యూనిట్ చరిత్రకు పొసిగేలా ఉంటే, కాదని చూపించే బాధ్యత సైన్యం మీద ఉండాలి. పర్పుల్ హార్ట్ లాంటి హక్కు పతకాలకైనా ముందు దీన్ని అమలు చేయాలి. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఎన్నో ఏళ్లుగా దాదాపు ఇదే పద్ధతిలో పింఛన్లు ఇస్తోంది. కొరియాలో పోరాడిన తరం ఇప్పుడు తొంభైల్లో ఉంది.